ఎంజైమ్ ఎక్కడ నెమ్మదిస్తోంది? 340 నానోమీటర్ల దగ్గర పట్టుకుందాం

నమస్తే. ఈరోజు మన దగ్గర ఉన్నవి రెండే: ద్రావణం ఏ కాంతిని ఎంత పీలుస్తుందో కొలిచే మామూలు యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్ ఒకటి, గుర్రం కాలేయం నుంచి తీసిన ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ ఒకటి. ఈ ఎంజైమ్ ఎథనాల్‌ని ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. ఆ మార్పులో చాలా మెట్లు ఉంటాయి. వాటిలో ఏ మెట్టు దగ్గర ఆలస్యమవుతోంది? అదే మన ప్రశ్న.

నిజానికి ఎథనాల్‌గానీ ఎసిటాల్డిహైడ్‌గానీ మనం వాడే కాంతిలో పెద్దగా కనపడవు. మనం చూసేది పక్కనున్న సహాయకుణ్ణి. ఎథనాల్ నుంచి ఒక హైడ్రోజన్, తన రెండు ఎలక్ట్రాన్లతో సహా, ఎన్‌ఏడీ అనే ఆ సహాయక అణువు మీదికి దూకుతుంది. దీన్నే హైడ్రైడ్ అంటాం. అది వచ్చి ఎన్‌ఏడీలోని నికోటినమైడ్ వలయంలో నాలుగో కార్బన్ మీద కూర్చుంటుంది. దాంతో ఆ వలయం ఆరోమాటిక్‌గా ఉండదు, ఎలక్ట్రాన్ల అమరిక మారిపోతుంది, 340 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర కొత్త శిఖరం లేస్తుంది. హైడ్రైడ్ చేరిన ఈ రూపాన్నే ఎన్‌ఏడీహెచ్ అంటాం. స్క్రీన్ మీద ఎన్‌ఏడీ, ఎన్‌ఏడీహెచ్ స్పెక్ట్రమ్‌లు రెండూ చూడండి. 260 దగ్గర రెండింటికీ శిఖరం ఉంది, అది ఎక్కువగా రెండింటిలోనూ ఉండే అడెనిన్ భాగానిది. 340 దగ్గర మాత్రం ఎన్‌ఏడీహెచ్ ఒక్కటే పలుకుతుంది. 1930లలో ఒట్టో వార్‌బర్గ్ అనే శాస్త్రవేత్త ఈ తేడానే ఎంజైముల కొలతకు వాడుకున్నాడు. ఇప్పటికీ రోజూ వాడుతున్నాం.

ఇక పనిలోకి దిగుదాం. బఫర్ పీహెచ్ 8.8 దగ్గర పెట్టుకోండి. ఈ చర్య సమతాస్థితి ఎథనాల్ వైపే మొగ్గుతుంది కాబట్టి, పుట్టిన ఎసిటాల్డిహైడ్‌ని పట్టేయడానికి కొంచెం సెమీకార్బజైడ్ కలపండి. లేకపోతే సమయంతో పాటు 340 రీడింగ్ పెరగడాన్ని చూపే గ్రాఫ్ తొందరగా వంగిపోతుంది. క్యూవెట్‌లో, అంటే కాంతి దాటిపోయే చిన్న పాత్రలో, బఫర్, ఎన్‌ఏడీ, ఎథనాల్ వేసి బ్లాంక్, అంటే సున్నా రీడింగ్, తీసుకోండి. ఎంజైమ్ చివర్లోనే వేయాలి. 340 దగ్గర ప్లాస్టిక్ క్యూవెట్ చాలు. 260కి వెళ్తే మాత్రం క్వార్ట్జ్ కావాలి.

ఒక మాట చెప్పాలి. నేను మొదట్లో బఫర్‌ని ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వాడేశాను. గ్రాఫ్ నిదానంగా మొదలై తర్వాత పైకి వంగింది. ఇదేదో కొత్త మెకానిజం అని నోట్‌బుక్‌లో రెండు పేజీలు రాసుకున్నాను కూడా! తీరా చూస్తే క్యూవెట్ వేడెక్కుతోంది, అంతే. కాబట్టి అన్నీ 25 డిగ్రీలకు వచ్చాకే మొదలుపెట్టండి. చల్లటి క్యూవెట్ గోడకి పట్టే తేమ కూడా రీడింగ్‌ని చెడగొడుతుంది.

రీడింగ్, అంటే ద్రావణం ఎంత కాంతిని పీల్చిందో చెప్పే అబ్జార్బెన్స్, 0.1 నుంచి 1 మధ్యలో ఉంటే మంచిది. అబ్జార్బెన్స్ 1 అంటే పదో వంతు కాంతి దాటి వచ్చినట్టు. 3 అంటే వెయ్యో వంతు. అక్కడ యంత్రం చూసేది మీ అణువుని కాదు, దారితప్పి వచ్చిన కాంతిని.

లెక్క తేలికే. ఎన్‌ఏడీహెచ్ మోలార్ అబ్జార్బెన్స్ విలువ 6220, క్యూవెట్ వెడల్పు 1 సెంటీమీటర్. స్లోప్ నిమిషానికి 0.0622 వచ్చిందనుకోండి. 6220తో భాగిస్తే నిమిషానికి 10 మైక్రోమోలార్. క్యూవెట్‌లో 1 మిల్లీలీటర్ ఉంటే 10 నానోమోల్స్. మొదటి తిన్నని భాగం నుంచే స్లోప్ తీయండి. సాఫ్ట్‌వేర్ మొత్తం గ్రాఫ్‌కి గీసిచ్చే గీతని నమ్మకండి.

ఇప్పుడు అసలు విషయం. వేగం వచ్చింది సరే, అది ఏ మెట్టు వేగం? దీనికి ఒక పాత ఉపాయం ఉంది: దూకే హైడ్రోజన్ స్థానంలో డ్యూటీరియం, అంటే బరువైన హైడ్రోజన్, పెట్టడం. కార్బన్-హైడ్రోజన్ బంధం ఇన్‌ఫ్రారెడ్‌లో దాదాపు 2900 వేవ్‌నంబర్ (సెంటీమీటర్‌లో పట్టే తరంగాల లెక్క) దగ్గర కంపిస్తుంది. డ్యూటీరియం బరువెక్కువ, అందుకే అది 2100 దగ్గరికి దిగిపోతుంది. కంపనం తగ్గితే జీరో పాయింట్ ఎనర్జీ, అంటే బంధానికి ఎప్పుడూ ఉండే కనీస శక్తి, కూడా తగ్గుతుంది, అంటే బంధం ఇంకా లోతైన గోతిలోంచి పైకెక్కాలి. తేడా మోల్‌కి సుమారు 1.1 కిలోకేలరీ. వినడానికి చిన్నదే, కానీ 25 డిగ్రీల దగ్గర ఆ బంధం తెగే వేగం ఇంచుమించు ఏడు రెట్లు తగ్గడానికి అది సరిపోతుంది. 1950లలో వెస్ట్‌హైమర్, వెన్నెస్‌లాండ్ అనే శాస్త్రవేత్తల బృందం డ్యూటీరియంతోనే హైడ్రోజన్ నీళ్లలోకి పోకుండా నేరుగా ఎన్‌ఏడీ మీదికే వెళ్తుందని, అదీ వలయానికి ఒక పక్కకే చేరుతుందని చూపించారు.

మరి మన క్యూవెట్‌లో ఏమవుతుంది? డ్యూటీరియం ఎథనాల్ వేసి చూస్తే, ఎథనాల్ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు, వేగం పెద్దగా మారదు. చాలామంది ఇక్కడే కంగారుపడి సీసా మీద అనుమానపడతారు. సీసా బాగానే ఉంది. బంధం తెగడం ఇక్కడ నెమ్మది మెట్టు కాదు. పుట్టిన ఎన్‌ఏడీహెచ్ ఎంజైమ్‌ని వదిలి బయటికి రావడమే ఆలస్యం. వంటవాడు ఎంత తొందరగా వండినా గిన్నెలు ఖాళీ అయితేనే కదా మళ్లీ పొయ్యి మీద పెట్టేది. 1951లో థియోరెల్, చాన్స్ అనే శాస్త్రవేత్తలు చెప్పింది కూడా ఇదే.

అలాగైతే బంధం తెగే మెట్టు ఎలా కనపడుతుంది? ఎంజైమ్ పనిచేసే మొదటి చుట్టు చూడాలి. అందుకు స్టాప్డ్-ఫ్లో అనే యంత్రం కావాలి. అది రెండు ద్రావణాలని దాదాపు ఒక మిల్లీసెకండ్‌లో కలిపేస్తుంది. ఎంజైమ్ ఎక్కువగా తీసుకుంటే, ముందు ఒక గబుక్కున లేచే ఎగుడు వస్తుంది, తర్వాత మెల్లని గీత. ఆ ఎగుడులో డ్యూటీరియం తేడా స్పష్టంగా తెలుస్తుంది. మెల్లని గీతలో మాత్రం కనపడదు. నాకైతే ఈ రెండు గ్రాఫ్‌లు ఒకదాని మీద ఒకటి వేసి చూడటం పాఠ్యపుస్తకం పది పేజీల కంటే నయం. ఇక్కడొక మెలిక ఉంది: ఎంజైమ్‌కి అతుక్కుని ఉన్న ఎన్‌ఏడీహెచ్ శిఖరం 340 నుంచి 325కి జరుగుతుంది. కాబట్టి మొదటి ఎగుడు ఎత్తుని 6220తో భాగించి ఇన్ని అణువులని రాసేస్తే తప్పవుతుంది. రెండు రూపాలూ సమానంగా పీల్చే 328 దగ్గర కొలవండి.

ఆర్డర్ పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. డ్యూటీరియం కార్బన్ మీద ఉన్న ఎథనాల్ కావాలి, అదీ ఆక్సిజన్ పక్కనున్న కార్బన్ మీద. ఆక్సిజన్ మీదే డ్యూటీరియం ఉన్నది దొరికితే కొనకండి. నీళ్లలో వేయగానే అది నీటి హైడ్రోజన్‌తో మారిపోతుంది, మీ క్యూవెట్‌లో మిగిలేది మామూలు ఎథనాలే.