పడవ అడుగున అరిగిపోవలసిన దిమ్మ

శ్రోతలకు నమస్కారం. నందికొండ రేవులో ఆగే లాంచీని గానీ, సోమశిల నుంచి శ్రీశైలం వైపు సాగే మరపడవను గానీ నీటి కింది నుంచి చూడగలిగితే, అక్కడ ఒకే లోహం ఉండదు. అడుగు రేకు ఇనుముది, ప్రొపెల్లర్ ఇత్తడిదో కంచుదో, దాన్ని తిప్పే షాఫ్టు స్టెయిన్‌లెస్ స్టీలుది కావచ్చు. వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగులుతూ నీటిలో మునిగి ఉంటే, బ్యాటరీలో మాదిరిగానే స్వల్పంగా విద్యుత్తు పుట్టి, ఎలక్ట్రాన్లను తేలికగా వదులుకునే లోహం కరగడం మొదలవుతుంది. కంచు పక్కన ఉన్నప్పుడు ఆ నష్టం ఇనుముదే. ఇనుముకన్నా ముందే కరిగే జింకు, అల్యూమినియం మిశ్రమం, మెగ్నీషియం వంటి లోహాన్ని దిమ్మగా పోతపోసి రేకుకు బిగిస్తే, నష్టమంతా ఆ దిమ్మ మీదికి మళ్లుతుంది. దీనినే ఆనోడు అంటారు. వెదురుతో అల్లిన పుట్టిలో వల వేసుకునే వారికి మాత్రం ఈ బాధే లేదు.

1824లో సర్ హంఫ్రీ డేవీ బ్రిటిష్ యుద్ధనౌకల రాగి రేకులకు జింకు, ఇనుము ముక్కలు తగిలించి ఈ పద్ధతిని పరీక్షించాడు. రాగి చెక్కుచెదరలేదు కానీ, కరగని రాగి మీద నాచు, గుల్లలు పెరిగి ఓడల వేగం తగ్గడంతో నౌకాదళం ఆ ప్రయత్నం మానుకుంది.

కృష్ణలో పడవ నడిపేవారు మొదట జాగ్రత్తపడవలసింది దిమ్మను కొనే చోటే. సముద్రపు రేవుల్లో జింకు దిమ్మలు చక్కగా పనిచేస్తాయి. నాగార్జునసాగర్‌లో ఉన్నది మంచినీరు. అందులో విద్యుత్తు సులువుగా పారదు, పైగా జింకు మీద తెల్లని గట్టి పొర కట్టి అది పని మానేస్తుంది. అందువల్ల ఇక్కడి ఇనుప పడవకు మెగ్నీషియమే తగినది, ఎందుకంటే ఇనుముతో దానికుండే వోల్టేజీ తేడా జింకుతో పోలిస్తే సుమారు రెండింతలు. మన ఇళ్లలో చాలా గీజర్ల లోపల ఉండే కడ్డీ కూడా మెగ్నీషియందే. లవణాలు ఎక్కువగా ఉన్న నల్లగొండ బోరు నీటిలో అది త్వరగా అరుగుతుంది. మంచినీటిలో రక్షణ దూరం పాకదు కనుక, ఒకే పెద్ద దిమ్మకు బదులు చిన్నవాటిని ప్రొపెల్లర్ దగ్గర, చుక్కాని మీద, రేకుకు ఇరువైపులా పంచి బిగించడం మేలు.

నిండినప్పుడు 590 అడుగులుండే సాగర్ మట్టం ఎండాకాలంలో బాగా దిగిపోయి, లాంచీలను ఒడ్డుకు లాగి మరమ్మతులు చేసే రోజులు ఈ తనిఖీకి అనువైనవి. సరిగ్గా పనిచేసిన దిమ్మ గుంటలు పడి, అంచులు గుండ్రబడి ఉంటుంది. తడిమితే తెల్లని పొడి వేలికి అంటుతుంది. సగం అరిగిందంటే మార్చేయాలి. ఎన్నాళ్లయినా కొత్తదానిలా ఉన్న దిమ్మను చూసి ఖర్చు తప్పిందని సంబరపడేవారుంటారు కానీ, నా దృష్టిలో అనుమానించవలసింది ఆ దిమ్మనే. రేకుతో పాటు దానికీ రంగు పూసి ఉండవచ్చు, బోల్టు కింద తుప్పు పేరుకొని తగులు తెగిపోయి ఉండవచ్చు, లేదా అది మంచినీటికి పనికిరాని జింకు కావచ్చు. వైర్ బ్రష్షుతో మెరిసేదాకా రుద్దిన లోహం మీదే దిమ్మను బిగించి, మల్టీమీటరు ఒక మొనను దిమ్మకు, మరొక మొనను ఇనుముకు ఆనిస్తే, నిరోధం దాదాపు సున్నా చూపాలి.

కొద్ది నెలల్లోనే దిమ్మ మాయమైతే, సరుకు నాసిరకమని తిట్టేముందు బ్యాటరీ తీగలు చూడాలి. అడుగున నిలిచిన నీళ్లలో పడిన తీగ నుంచి కారే విద్యుత్తు దిమ్మనే కాదు, దాని తరువాత రేకునూ తినేస్తుంది. మెగ్నీషియం దగ్గర వెల్డింగు, గ్రైండింగు చేయకూడదు. దాని పొడి అంటుకుంటే నీళ్లు పోయకుండా పొడి ఇసుక కప్పాలి.

కొత్త దిమ్మను బిగించేముందు తూకం వేసి, తేదీతో సహా లాంచీ పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. మరుసటి వేసవిలో విప్పి, బ్రష్షుతో శుభ్రం చేసి, మళ్లీ తూచినప్పుడు సగానికి మించి తగ్గి ఉంటే ఈసారి పెద్ద దిమ్మ కావాలి. పావువంతు కూడా తగ్గకపోతే ముందు తగులును, తరువాత లోహాన్ని పరీక్షించాలి.