ఎంఎస్‌డబ్ల్యూ ఫీల్డ్‌వర్క్ మీద చర్చ: పక్కన కూర్చుని నేర్పేవాళ్ళు ఉన్నారా?

(పాల్గొన్నవాళ్ళు: సోషల్ వర్క్ ప్రొఫెసర్, ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసే మెడికల్ సోషల్ వర్కర్, ఎంఎస్‌డబ్ల్యూ అంటే మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్ సెకండ్ ఇయర్ విద్యార్థిని)

యాంకర్: మేడమ్, సూటిగానే అడుగుతా. నలుగురికి సాయం చేయాలన్న మనసుంటే చాలు కదా, దానికి రెండేళ్ళ పీజీ ఎందుకు, అందులో మళ్ళీ వారానికి రెండు రోజులు ఫీల్డ్‌వర్క్ అని ఆసుపత్రులకీ సెంటర్లకీ పని నేర్చుకోవడానికి తిరగడం ఎందుకు అని తల్లిదండ్రులే అంటున్నారు.

ప్రొఫెసర్: అంటారండి, అడ్మిషన్ల టైమ్‌లో ప్రతి ఏడాదీ వింటాను. మనసుండాలి, కాదనను. కానీ దొంగతనం కేసులో ఒక పిల్లాడు జువెనైల్ జస్టిస్ బోర్డు, అంటే నేరం మోపిన పిల్లల కేసులు చూసే బోర్డు ముందుకొచ్చాడనుకోండి, వాడు బడి ఎందుకు మానేశాడు, ఇంట్లో ఎవరు కొడుతున్నారు, వెనక్కి పంపితే ఎవరు చూసుకుంటారు, ఇదంతా కనుక్కుని పదిహేను రోజుల్లో రిపోర్ట్ ఇవ్వాలి, 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలోనే ఉందది. ప్రొబేషన్ ఆఫీసర్ లేకపోతే సోషల్ వర్కర్‌కి కూడా అప్పజెప్పొచ్చు. అంటే ఒక పిల్లాడి బతుకు ఎటు పోవాలో తేల్చేటప్పుడు మీరు రాసిన కాగితం బోర్డు ముందుంటుంది. ఆ ఇంటికెళ్ళి, ఇరుగుపొరుగు చూస్తుండగా ఆ తల్లి పరువు పోకుండా మాట్లాడటం మంచి మనసొక్కదానితో రాదండి, ఎవరో ఒకరు దగ్గరుండి నేర్పాలి.

యాంకర్: సార్, మీ ఆసుపత్రికి స్టూడెంట్స్ వస్తారు కదా, ఏం చేయిస్తారు వాళ్ళతో?

మెడికల్ సోషల్ వర్కర్: మొదట్లో ఏమీ చేయనివ్వను. ఓపీ దగ్గర నిలబడి చూడమంటా, ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర ఏ కాగితం అడుగుతున్నారు, అది లేనివాళ్ళు ఎటు పోతున్నారు, వార్డులో అటెండెంట్ రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటున్నాడు, ఇవి చూడకుండా కేసు ఇస్తే లాభం లేదు. తర్వాత ఒక్కో కేసు ఇస్తా. ఒకటి చెప్తా, మనిషి ఎవరో తెలియకుండా వివరాలు మార్చి చెప్తున్నా. టీబీ పేషెంట్, ఆరు నెలలు వాడాల్సిన మందులు మధ్యలో ఆపేశాడు. కేస్ షీట్‌లో ఏముంది, మందులు సరిగ్గా వాడటం లేదు అని ఒక్క ముక్క. స్టూడెంట్ వెళ్ళి మంచం పక్కన కూర్చుని మాట్లాడితే తేలిందేంటంటే ఆయన పాలమూరు నుంచి వలసొచ్చిన కూలీ, ఒక సైట్‌లో పని అయిపోగానే ఇంకో ఊరికి తీసుకెళ్ళారు, మందులిచ్చే సెంటరేమో పాత చోటే ఉండిపోయింది. టీబీ పేషెంట్ల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో ట్రాన్స్‌ఫర్ పెట్టించుకుంటే కొత్త చోటే మందులు తీసుకోవచ్చు, ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. తిండికని నెలకి వెయ్యి రూపాయలు రావాలి, 2024 నవంబర్ నుంచి ఐదొందలని వెయ్యి చేశారు, బ్యాంకు ఖాతా గొడవతో అదీ పడలేదు.

విద్యార్థిని: అలాంటప్పుడు మాకు ముందు పర్సు మీదకే చెయ్యి పోతుంది సార్, ఫస్ట్ ఇయర్‌లో అందరికీ అంతే. అప్పుడు మా సూపర్‌వైజర్ మేడమ్ అడిగారు, ఇవాళ నువ్విస్తావు, వచ్చే సెమిస్టర్‌కి నీ ప్లేస్‌మెంట్, అంటే నువ్వు ఫీల్డ్‌వర్క్ చేసే చోటు మారిపోతుంది, అప్పుడు ఆయన ఎవరి దగ్గరికెళ్ళాలి అని. ఆ తర్వాత ఖాతా సరిచేయించడానికి బ్యాంకు చుట్టూ తిరగడమే నిజమైన సాయం అని నాకు అర్థమైంది.

యాంకర్: సూపర్‌విజన్, సూపర్‌విజన్ అంటున్నారు, అది నిజంగా ఎలా జరుగుతుంది? చూసేవాళ్ళకి కొంచెం చెప్పండి.

ప్రొఫెసర్: స్టూడెంట్ ఫీల్డ్‌కి వెళ్ళొచ్చి రిపోర్ట్ రాస్తారు, మేం చదివి వారానికోసారైనా ఒక్కొక్కరితో విడిగా కూర్చోవాలి, దాన్ని ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్ అంటాం. రిపోర్ట్‌లో చాలామంది ‘కౌన్సెలింగ్ ఇచ్చాను’ అని ఒక్క లైన్ రాస్తారు. ఏం అడిగావు, ఆవిడ ఏమంది, ఎక్కడ మాట ఆపేసింది, అప్పుడు నువ్వేం చేశావు, మళ్ళీ రాసుకు రా అంటాం. అసలు నేర్చుకునేది ఆ తిరగరాయడంలోనే. దేశంలో మొదటి సోషల్ వర్క్ స్కూల్ 1936లో బొంబాయిలో పెట్టారు, ఇప్పటి టిస్, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, అక్కడే 1996లో ఫీల్డ్ ప్రాజెక్ట్‌గా మొదలైంది చైల్డ్‌లైన్, ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబర్. రోడ్డు మీద పిల్లలతో కూర్చుని పనిచేస్తే వచ్చిందండి అది.

విద్యార్థిని: నేను ఇంకోటి కూడా చెప్పాలి. హింసకి గురైన ఆడవాళ్ళకి సాయం చేసే సఖి సెంటర్‌లో ప్లేస్‌మెంట్ చేస్తున్నప్పుడు ఒక అమ్మాయి తన ఇంట్లో జరిగింది చెప్తుంటే పక్కన కూర్చుని విన్నాను, హాస్టల్‌కొచ్చాక అన్నం సహించలేదు, రూమ్‌మేట్ ఏమైందే అని అడుగుతోంది, చెప్పకూడదు, అమ్మకి ఫోన్ చేసినా చెప్పకూడదు, కేసు వివరాలు బయటికి పోకూడదు కదా. మరి ఎవరికి చెప్పుకోవాలి? నాకు ఉన్నది సూపర్‌వైజర్ ఒక్కరే. ఆ ఒక్కరూ టైమ్ లేదు, సంతకం పెట్టేశాలే పో అంటే ఆ పిల్ల ఏమైపోవాలి సార్? మధ్యలో మానేసిన వాళ్ళని చూశాను నేను, వాళ్ళకి చేతకాక కాదు.

మెడికల్ సోషల్ వర్కర్: ఆ అమ్మాయి అన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. మా వైపు సంగతి కూడా వినండి. ఓపీ, వార్డులు, పోలీసు కేసులు అన్నీ చూసుకున్నాక మిగిలిన టైమ్‌లోనే స్టూడెంట్స్‌తో కూర్చుంటాం, నేర్పడం అనేది డ్యూటీలో లెక్కలోకే రాదు. కాలేజీల్లో పోస్టులు ఖాళీ, ఉన్న ఒక్కో మేడమ్ కింద మోయలేనంత మంది. ఇక కొన్నిచోట్ల పిల్లలు ఫీల్డ్‌కి పోకుండానే లెటర్‌హెడ్ మీద సర్టిఫికెట్ తెచ్చుకుంటారు, రేపు వాళ్ళే పిల్లల హోమ్‌లో ఉద్యోగానికి వస్తారు, నాకు భయమేస్తుంది.

యాంకర్: దీనికి చట్టం లేదా? లాయర్‌కి బార్ కౌన్సిల్ ఉన్నట్టు?

ప్రొఫెసర్: సోషల్ వర్కర్లందరికీ కలిపి అలాంటి కౌన్సిల్ లేదు. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఎవరో మాత్రం 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం స్పష్టంగా చెప్పింది, సోషల్ వర్క్‌లో పీజీ మీద రెండేళ్ళ ఫుల్‌టైమ్ ఎంఫిల్ ఉండాలి, అందులో సూపర్‌విజన్ కింద క్లినికల్ ట్రైనింగ్ ఉండాలి అని. 2021లో అలైడ్ హెల్త్‌కేర్ చట్టం వచ్చింది, అందులో మెడికల్ సోషల్ వర్కర్లని కూడా చేర్చారు. మరి పిల్లలతో, దెబ్బలు తిని వచ్చిన ఆడవాళ్ళతో పనిచేసేవాళ్ళకి అలాంటి కచ్చితమైన నిబంధన ఎందుకుండకూడదు? నా డిమాండ్ ఒక్కటే, ఎన్ని రోజులు తిరిగారని కాదు, ఎన్ని గంటలు ఒకరు పక్కన కూర్చుని నేర్పారో రాతపూర్వకంగా ఉండాలి, కాలేజీకి గుర్తింపు ఇచ్చేటప్పుడు అది చూడాలి.

యాంకర్: కరీంనగర్ నుంచి ఒక తల్లి లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్, మా బిడ్డ డిగ్రీ అయింది, ఇదే చదువుతా అంటుంది. ఉద్యోగం వస్తదా? ఏ కాలేజీ మంచిది?

ప్రొఫెసర్: జిల్లా బాలల పరిరక్షణ యూనిట్లు, సఖి సెంటర్లు, ఆసుపత్రులు, ఎన్జీవోలు, కంపెనీలు సమాజం కోసం చేసే సీఎస్ఆర్ పనులు, ఇలా ఉంటాయమ్మా, కానీ చాలా వరకు కాంట్రాక్టు మీదే, మొదట్లో జీతం తక్కువే, దాచి చెప్పను. కాలేజీ పేరు చెప్పను గానీ వెళ్ళి మూడు మాటలు అడగండి, ఒక్కో మేడమ్ కింద ఎంతమంది స్టూడెంట్స్, ఫీల్డ్‌లో ఉన్నప్పుడు ఎప్పుడైనా వచ్చి చూస్తారా, చివర్లో బ్లాక్ ప్లేస్‌మెంట్, అంటే ఒకేచోట వరసగా ఉండి చేసే ఫీల్డ్‌వర్క్‌కి ఎక్కడికి పంపిస్తారు.

విద్యార్థిని: ఆంటీ, ఆఫీసులో అడగడంతో ఆపొద్దు, సీనియర్ల ఫీల్డ్‌వర్క్ బుక్కు ఒకటి తెరిచి చూడండి. పేషెంట్ల పేర్లు అందులో ఉండవు లెండి, చూడొచ్చు. పేజీ పక్కన మేడమ్ రాసిన ప్రశ్నలుంటే మీ అమ్మాయిని ధైర్యంగా చేర్పించండి, వట్టి సంతకాలే ఉంటే ఇంకో కాలేజీకి వెళ్ళి అక్కడా అదే చూడండి.