పచ్చని పలకరింపు: చీరకు అంటుకొనే ఉత్తరేణి

వ్యాఖ్యాత: చెన్నై పెరంబూరు నుంచి ఒక శ్రోత లైన్‌లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మా ఇంటి పక్కనున్న ఖాళీ స్థలంలో, వానలు తగ్గినప్పటి నుంచి ఒక మొక్క నడుమెత్తు పెరిగింది. ఆ దారిన ఒక్కసారి నడిస్తే చాలు, చీర కుచ్చిళ్ల నిండా గింజలు పట్టుకుంటున్నాయి. మా కుక్క చెవుల్లో చిక్కుకున్నవాటిని తీసేసరికి నిన్న గంట పట్టింది. పనిమనిషి దీన్ని నాయురువి అంటోంది.

అతిథి: గింజ జిగటగా ఉందా, గుచ్చుకుంటోందా అమ్మా?

శ్రోత: గుచ్చుకుంటోందండీ. పొడవాటి కంకికి తలకిందులుగా వేలాడుతూ ఉంటాయి.

అతిథి: అయితే అది ఉత్తరేణే. జిగటగా ఉందంటే నేలబారున పాకే అటికమామిడి అని చెప్పేవాణ్ణి. దాని కాయకు బంక ఉంటుంది గాని ముల్లు ఉండదు. వినాయక చవితికి 21 పత్రుల్లో అపామార్గమని మనం వెతికి తెచ్చుకొనేది, మీరిప్పుడు విసుక్కుంటున్న ఈ మొక్కనే. ఇది తోటకూర కుటుంబానికి చెందినది. పూత దశలో పక్కకు నిలిచి ఉన్న పువ్వు, కాయగా ముదిరేకొద్దీ కాడకు ఆనుకొని కిందికి వంగుతుంది, దాని చుట్టూ ఉన్న పొలుసులు సూదుల్లా గట్టిపడతాయి. కంకిని పైనుంచి కిందికి నిమిరి చూడండి, నున్నగానే ఉంటుంది. కిందినుంచి పైకి నిమిరితే మాత్రం కాయలు ఊడి వేళ్లకు అంటుకొంటాయి.

శ్రోత: మొన్న కొన్ని పీకి గోడ అవతల పడేశామండీ.

అతిథి: పొరపాటు అక్కడే జరిగింది; ఈడ్చుకెళ్లిన దారి పొడుగునా మీరే విత్తనాలు చల్లినట్లయింది. ముందుగా కంకులను కత్తిరించి సంచిలో వేసి మూతి కట్టండి, ఆ తరువాత నేలను బాగా తడిపి మొక్కను వేరుతో సహా లాగండి, ఎందుకంటే పైపైన కోస్తే అది మళ్లీ చిగురిస్తుంది. చీరకు పట్టిన గింజలను ఉతకకముందే, బట్ట పొడిగా ఉండగానే దువ్వెనతో దువ్వండి. కుక్కకు చెవి లోపల, వేళ్ల సందుల్లో కూడా వెతకాలి. అది తల విదిలిస్తూనే ఉంటే పశువైద్యుడికి చూపించండి.

శ్రోత: మా అత్తగారు దీని వేరుతోనే పళ్లు తోముకొనేవారు. కషాయం తాగవచ్చా?

అతిథి: పళ్లు తోముకోవడం పాత అలవాటే. కషాయం మాత్రం సొంతంగా కాచుకోవద్దు, గర్భిణులు అసలే వద్దు. ఆయుర్వేద వైద్యులు దీన్ని కాల్చిన బూడిద నుంచి క్షారం తీసి, భగందరానికి, అంటే మలద్వారం పక్కన పడే నాళపు పుండుకు, వాడే క్షారసూత్రమనే మందు దారానికి పట్టిస్తారు. అంత ఘాటైన సరుకు వంటింట్లో ఉండదగినది కాదు.

శ్రోత: చవితి కోసం ఒక్క మొక్కను కుండీలో ఉంచుకోనా?

అతిథి: ఉంచుకోండమ్మా. పూజకు ఆకులే కదా కావలసినవి. కంకి తొంగిచూడగానే తుంచేస్తూ ఉండండి.