ముందు మెడ చూడండి

పెద్దలకు, పిల్లల వెంట వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. పర్లాకిమిడిలో తెలుగు మాట్లాడటానికి నిలబడితే గిడుగు రామమూర్తి గారిని తలుచుకోవాలి. పిల్లలకు కొరుకుడుపడని గ్రాంథికాన్ని పాఠాల్లోంచి తప్పించాలని పోరాడినవారు. నేను లోతైన స్వరాలు పలికే బేస్ గిటార్ గురించి మాట్లాడబోతున్నా, అది ఆ పోరాటానికి దూరమైన మాట కాదు. ఇక్కడా పిల్లలకు కొరుకుడుపడనిదాన్ని తప్పించడమే పని.

మొదటి బేస్ ఏ కంపెనీది కొనాలని మీలో కొందరు అడిగారు. ఆ సంగతి చివర. తీగలు నాలుగు చాలు. 1951లో అమెరికాలో గిటార్లు చేసే లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కు నాలుగే తీగలు, 34 అంగుళాల స్కేలు. స్కేలంటే మోగే తీగ పొడవు. చేయి అంత దూరం అందని పిల్లలకు 30 అంగుళాలది ఇప్పించండి. అది బొమ్మ కాదు. బీటిల్స్ బృందంలో పాల్ మెకార్ట్నీ వాయించిన వయొలిన్ ఆకారపు హాఫ్నర్ కంపెనీ బేస్ 30 అంగుళాలదే.

ఫోనులో విని మాత్రం ఎంచుకోకండి. నాలుగింటిలో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఆ లోతు ఫోను స్పీకరుకు అందదు. తబలా పక్కన డగ్గా లేకపోతే ఎలా ఉంటుందో, బేస్ లేని పాట అలా ఉంటుంది.

మా తమ్ముడికి పద్నాలుగేళ్లప్పుడు నాన్న పక్క ఊరి దుకాణంలో అయిదు తీగల పాత బేస్ కొన్నారు. మెడ మీది అడ్డపట్టీలైన మెట్ల నుంచి తీగలు ఎంత ఎత్తున ఉన్నాయంటే, నొక్కితే వాడి వేళ్లు కమిలిపోయేవి. దుకాణదారు ‘వేళ్లు గట్టిపడాలి’ అన్నాడు. నేర్పే ఆయన ‘వీడికి చెయ్యి రాదు’ అన్నారు. నేనూ అన్నాను. ఎనిమిది నెలలకు వాడు దాన్ని మేకుకు తగిలించేశాడు.

అమ్మా, అయ్యా, కొనేటప్పుడు ఒక్క పని చేయండి. మొదటి మెట్టు దగ్గర ఒక వేలు, చివరి మెట్టు దగ్గర ఒక వేలు పెట్టి తీగ నొక్కండి. నడిమి మెట్లకూ తీగకూ మధ్య సన్నని సందు ఉండాలి. ఎక్కువ సందుంటే మెడ, అంటే మెట్లున్న పొడవాటి కర్ర, వంగింది. వానాకాలపు తేమకు కర్ర కదులుతుంది, అది తప్పు కాదు. మెడ లోపల ఇనుప కడ్డీ ఉంది, దాని తాళంచెవితో తిప్పితే సర్దుకుంటుంది. తర్వాత ప్రతి మెట్టూ మోగించి జరజర వినిపిస్తుందేమో చూడండి.

ఆంప్లిఫయర్ బేస్ కోసం చేసినదే తీసుకోండి. మామూలు గిటారు ఆంప్లిఫయర్ మీద బేస్ గట్టిగా వాయిస్తే దాని స్పీకరు పాడవచ్చు.

మళ్లీ తమ్ముడి దగ్గరికే వస్తున్నాను, మన్నించండి. ఇరవై ఏళ్ల తర్వాత ఆ బేస్‌ను పనివాడి దగ్గరికి తీసుకెళ్లాను. కడ్డీ కొంచెం బిగించి, తీగల కింది ఆనులు దించాడు. అరగంట పట్టలేదు. ఇంటికి తెచ్చి వాడి చేతిలో పెడితే నాలుగు స్వరాలు వాయించి, ‘ఇది ఇంత మెత్తగా ఉండేదా అన్నయ్యా?’ అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను.

కంపెనీ సంగతి నాకిప్పుడు ముఖ్యంగా తోచడం లేదు. మీ ఇంట్లో మేకుకు వేలాడుతున్న గిటారు ఏదైనా ఉంటే రేపు పొద్దున ఇక్కడికి తీసుకురండి. తాళంచెవులు నా సంచిలో ఉన్నాయి, వరండాలో కూర్చుంటాను. దాన్ని వదిలేసిన పిల్లవాణ్ణి కూడా వెంట తీసుకురండి.