ఠాణాకి వెళ్లాలంటే వెంట లీడర్ ఉండాలా?

యాంకర్: సూటిగా అడుగుతా సార్. హైదరాబాద్‌లో ఫిర్యాదు ఇవ్వాలంటే జనం ఇప్పటికీ గల్లీ లీడర్‌ని వెంటేసుకుని వెళ్తున్నారు. మీ సర్వీసులో ఇది ఏమైనా మారిందా?

రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్: మారింది, మేం చెప్పుకునేంత కాదు. 1990 డిసెంబర్ మత అల్లర్లప్పుడు నేను కొత్త కానిస్టేబుల్ని, పాతబస్తీ అంతా కర్ఫ్యూ, అక్కడి జనానికి మేమంటే లాఠీ, మాకు వాళ్లంటే రాయి, ఒకరి మొహం ఒకరికి తెలీదు. అదే 2023లో చూడండి, గణేశ్ నిమజ్జనం, మిలాద్ రెండూ సెప్టెంబర్ 28నే పడితే, ముస్లిం పెద్దలు కూర్చుని మాట్లాడుకుని ఊరేగింపుని అక్టోబర్ 1కి వాయిదా వేసుకున్నారు. పై నుంచి ఆర్డర్ వేస్తే అయ్యే పనా అది?

బస్తీ కార్యకర్త: పెద్దల సంగతి సరే సార్. పీస్ కమిటీలో కూర్చునేదీ ఆ లీడర్లే కదా! చాయ్, బిస్కెట్, ఫొటో. మొగుడి చేత దెబ్బలు తిన్న పిల్ల ఆ మీటింగ్‌కి రాదు. ఠాణాకి పోతే "మా పరిధి కాదు" అంటారు. పరిధితో పని లేకుండా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జూలై నుంచి కొత్త చట్టం, అదే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 173వ సెక్షన్‌లోనే ఉంది, అయినా ఆ మాట పోలేదు.

యాంకర్: మీరేమంటారమ్మా?

మహిళా కానిస్టేబుల్: మాది నల్గొండ జిల్లా, ఇక్కడ పోస్టింగ్ వచ్చేనాటికి ఉర్దూ ముక్క రాదు. ఒక పెద్దావిడ వచ్చి, కొడుకు కొడుతున్నాడని నిలబడే చెబుతోంది. కుర్చీ జరిపి "బైఠో" అన్నా. "బైఠియే" అనాలట, అంత ఏడుపులోనూ నవ్వి దిద్దింది. ఫిర్యాదు తెలుగులో రాసి, వచ్చీరాని ఉర్దూలో చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకున్నా. నెల తర్వాత పక్కింటావిడని వెంటపెట్టుకుని తనే వచ్చింది. ఈసారి లీడర్ లేడు.

కార్యకర్త: ఇదిగో, ఇది కావాలి. 2024 డిసెంబర్‌లో ట్రాన్స్‌జెండర్లని ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు కదా, సిగ్నల్ దగ్గర ఒకప్పుడు ఎవరిని తరిమారో ఇప్పుడు వాళ్లు చెయ్యెత్తితే బండ్లు ఆగుతున్నాయి. కానీ ఈ అమ్మాయికి రేపు ట్రాన్స్‌ఫర్ అయితే?

ఇన్‌స్పెక్టర్: అదే మా రోగం. మనుషులు అలవాటయ్యేసరికి ఆర్డర్ వస్తుంది. ఛార్జ్ అప్పగించేటప్పుడు ఫైళ్లు లెక్కపెట్టి ఇస్తాం, ఇంకేం ఇవ్వం.

కార్యకర్త: అయితే పోయేముందు, కొత్తగా వచ్చేవాళ్లకి ఆ పెద్దావిడ ఇల్లు చూపించి పో తల్లీ.