తోడెవ్వరూ లేకుండా: మధ్యయుగపు ఇంగ్లీషు కథాకావ్యాల్లో ప్రక్రియలు

సభలో ఉన్న పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

నేను ఎం.ఏ. చదివేటప్పుడు పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ అంటే మాకు సిలబస్‌లో ఉన్న ప్రోలాగ్, అంటే ఆయన కాంటర్‌బరీ టేల్స్‌కి ముందుమాట, ఒక్కటే. యాత్రికుల వర్ణనలు బట్టీపట్టి, పరీక్ష రాసి బయటపడ్డాం. ఆ యాత్రికులు చెప్పిన కథల జోలికి వెళ్ళలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఆ కథలు వరసగా చదువుతుంటే ఒక పాదం దగ్గర ఆగిపోయాను. ఇవాళ ఎక్కువసేపు ఆ పాదం గురించే మాట్లాడతాను.

చాసర్ కాంటర్‌బరీ టేల్స్‌ని 1387 ప్రాంతంలో మొదలుపెట్టాడు. 1400లో చనిపోయేనాటికి అది పూర్తికాలేదు. లండన్ పక్కన సౌత్‌వర్క్‌లో, టాబర్డ్ అనే సత్రంలో కలిసిన యాత్రికులు సెయింట్ థామస్ బెకెట్ సమాధిని దర్శించుకోవడానికి కాంటర్‌బరీ వెళ్తూ, దారిలో విసుగు తెలియకుండా కథలు చెప్పుకుంటారు. అందరికన్నా బాగా చెప్పినవాళ్ళకి మిగతావాళ్ళ ఖర్చుతో భోజనం. మనదాకా వచ్చిన కథలు 24.

మొదటి కథ నైట్ అనే అశ్వవీరుడిది. ఆయన చెప్పేది రొమాన్స్. ఆ మాటకి ఇప్పటి అర్థం తీసుకోకండి. వీరులు, ప్రతిజ్ఞలు, యుద్ధాలు, దూరం నుంచి చేసే ఆరాధన, ఇవన్నీ కలిసిన గాథని అప్పట్లో అలా పిలిచేవారు. పాలమన్, ఆర్సైట్ అక్కచెల్లెళ్ళ బిడ్డలు. ఏథెన్స్‌లో ఖైదీలు. జైలు కిటికీలోంచి తోటలో తిరుగుతున్న ఎమిలీని ఇద్దరూ చూస్తారు, ఆ క్షణం నుంచి ఒకరికొకరు శత్రువులు. చివరికి పోటీలో గెలిచిన ఆర్సైట్, గెలిచిన సంతోషం తీరకుండానే గుర్రం మీంచి పడి ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. పోయేముందు అంటాడు: ఈ లోకం ఏమిటి, మనిషి ఏం కోరుకుంటాడు? ఇప్పుడు ప్రియురాలితో, ఇంతలోనే చల్లని గోరీలో, "ఒంటరిగా, తోడెవ్వరూ లేకుండా".

తర్వాత సన్యాసి చెప్పాలి. కానీ పిండిమర మిల్లర్ తాగేసి, గుర్రం మీద సరిగ్గా కూర్చోలేక ఊగుతూ అడ్డొస్తాడు. నైట్ కథకి బదులు తీరుస్తానంటాడు. అతను చెప్పేది ఫాబ్లియో, ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన మోటు హాస్యకథ. ఇక్కడా ఒక ఆడది, ఆమె కోసం ఇద్దరు మగవాళ్ళు. కాకపోతే ఏథెన్స్ పోయి ఆక్స్‌ఫర్డ్‌లో ఓ వడ్రంగి ఇల్లు వచ్చింది. రాకుమారి స్థానంలో ఆ వడ్రంగి పడుచు పెళ్ళాం ఆలిసన్. ఆ ఇంట్లో అద్దెకుంటున్న నికొలస్ అనే విద్యార్థి గదిని చాసర్ వర్ణిస్తాడు. ఆ గదిలో అతను ఉండేది ఎలాగంటే, "ఒంటరిగా, తోడెవ్వరూ లేకుండా".

అదే పాదం. అక్షరం పొల్లుపోలేదు.

చాసర్ మర్చిపోయి రెండోసారి రాశాడని నేను నమ్మను. గోరీ మీద రాసుకోదగ్గ మాటని తీసుకెళ్ళి కొంటె కుర్రాడి గదిలో పెట్టాడు. మాట మారలేదు, ప్రక్రియ మారింది, దాంతో మనకి ఏడుపు రావలసిన చోట నవ్వొస్తుంది. వెనక్కి వెళ్ళి ఆర్సైట్ మాటలు మళ్ళీ చదివితే మాత్రం దుఃఖం తగ్గలేదు. ఈ రెండూ ఒకే పుస్తకంలో ఇమడటం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మిల్లర్ కథ మొదలయ్యేముందు కవి మనల్ని హెచ్చరిస్తాడు కూడా. వినడం ఇష్టం లేనివాళ్ళు ఆకు తిప్పి వేరే కథ చూసుకోండి, మర్యాదస్తుల చరిత్రలు, నీతి, భక్తి అన్నీ ఉన్నాయి అంటాడు. నిజంగానే ఉన్నాయి. సెసిలియా అనే పునీతురాలి జీవితం ఉంది. కోడిపుంజు, నక్క కథ ఉంది. సన్యాసినుల మఠానికి పెద్ద అయిన ప్రయొరెస్ చెప్పిన మరియమాత మహిమ ఉంది, అందులో యూదుల మీద విషం కక్కుతుంది. 1290లోనే ఇంగ్లండ్ నుంచి వెళ్ళగొట్టిన వాళ్ళ మీద ఆ ద్వేషం చదువుతుంటే గొంతులో ముద్ద దిగదు. దాన్ని దాచి చాసర్‌ని పొగడటం నాకిష్టం లేదు.

చాసర్ బయట కూడా చాలా ఉంది. అదే కాలంలో ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతపు యాసలో రాసిన, ఆర్థర్ రాజు కొలువులోని వీరుడు గవైన్ కావ్యం ఒకే ఒక్క రాతప్రతిలో బతికింది. దాని పాదాల్లో మాటలు మొదటి ధ్వనితో ముడిపడతాయి. యతి అలవాటున్న చెవికి ఆ కట్టు వెంటనే తెలుస్తుంది. అదే ప్రతిలో ఉన్న పర్ల్ అనే కావ్యం, పోయిన కూతుర్ని ఒక తండ్రి కలలో చూడటం.

చివరిగా పార్డనర్ కథ. చర్చి పేరు చెప్పి పాపక్షమాపణ పత్రాలు అమ్ముకునేవాడు అతను. దురాశ తప్పని బోధిస్తూ, దురాశతోనే బోధిస్తున్నానని ఒప్పుకుంటాడు. అతను చెప్పేది బోధలో ఉదాహరణగా వాడే నీతికథ. ముగ్గురు తాగుబోతులు మృత్యువుని చంపుతామని బయల్దేరి, చెట్టుకింద బంగారం చూసి, ఒకణ్ణొకడు చంపుకుంటారు. తిండికోసం వెళ్ళినవాడు విషం కలుపుతాడు, వచ్చీరాగానే మిగతావాళ్ళ చేతిలో చస్తాడు, వాళ్ళు ఆ విషం తాగి చస్తారు. పాళీలో ఉన్న వేదబ్భ జాతకంలో చివరికి మిగిలిన ఇద్దరు దొంగలు ఇలాగే చస్తారు. అక్కడ విషం కలిపింది అన్నంలో, ఇక్కడ మద్యంలో.

అయితే జాతకంలో లేని మనిషి ఒకడు ఇక్కడ ఉన్నాడు. ఆ ముగ్గురికీ దారిలో ఒక ముసలాయన ఎదురవుతాడు. ఆయనకి చావు రాదు. నేల నా తల్లి గుమ్మం, పొద్దునా సాయంత్రం కర్రతో తడుతూ "అమ్మా, నన్ను లోపలికి రానీ" అని అడుగుతుంటాను అంటాడు. నీతికథకి ఆయనతో పనిలేదు. బంగారం ఉన్న చెట్టుకి దారి చూపించి కథలోంచి వెళ్ళిపోతాడు. ఆయన ఏ ప్రక్రియలోంచి వచ్చాడో ఎన్నిసార్లు చదివినా నాకు అంతుచిక్కలేదు. ఆ కర్ర చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది.