కాలు వాచినాయన, వాయని ఆయన: బోదకాలు పురుగుతో టి కణాల ఒప్పందం

అందరికీ నమస్కారం. ఆశా కార్యకర్తలు ఇంతమంది వచ్చినందుకు మరీ సంతోషం. ఈ మాటలతో మీకే ఎక్కువ పని ఉంది.

మా కాలేజీలో ఏటా పిల్లల్ని ఓ ప్రశ్న అడుగుతాను. ఒక వీధిలో ఇద్దరున్నారు. ఒకాయనకు ఎడమకాలు మోకాలి దాకా వాచి, చర్మం మందమై మడతలు పడింది. పక్కింటాయన రోజూ పొలానికి వెళ్లొస్తాడు, ఒంట్లో ఏ నలతా లేదు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలు ఎవరి రక్తంలో తిరుగుతుంటాయి? క్లాసంతా మొదటాయన పేరే చెబుతుంది. చాలాసార్లు జవాబు రెండో ఆయన.

రాత్రి పది దాటాక ఫైలేరియా సిబ్బంది ఇంటికొచ్చి వేలి కొసన సూదితో గుచ్చడం మీలో కొందరు చూసే ఉంటారు. ఈ పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుంటాయి. క్యూలెక్స్ దోమ కుట్టే వేళకు చర్మం దగ్గరికొస్తాయి. ఆ రక్తం చుక్కను ఆరకముందే సూక్ష్మదర్శిని కింద పెడితే, ఎర్ర కణాలు అటూ ఇటూ చెదిరిపోతుంటాయి. వాటి మధ్యలో మిల్లీమీటరులో పావు వంతుకు కాస్త పైన ఉండే సన్నటి పోగు ఒకటి మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. దాన్ని కన్న తల్లి పురుగు శోషరస నాళాల్లో, అంటే కణాల మధ్య ఊరే నీటిని మళ్లీ రక్తంలోకి చేర్చే సన్నటి గొట్టాల్లో ఉంటుంది. ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల పొడవు, ఐదారేళ్ల ఆయుష్షు. అంత పొడవు పరాయి జీవి ఏళ్ల తరబడి ఒంట్లో కాపురముంటే, ఆ పక్కింటాయన శరీరం ఎందుకు ఊరుకుంది?

దీనికి జవాబు చాలావరకు టి కణాల దగ్గరుంది. ఇవి ఒంటిని కాపాడే తెల్ల రక్తకణాల్లో ఒక రకం. ఎముక మజ్జలో పుట్టి, రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథిలో తయారవుతాయి. టి కణం పురుగును పురుగుగా చూడలేదు. వేరే కణాలు పురుగు నుంచి రాలిన ప్రొటీన్లను మింగి, ముక్కలు చేసి, తమ పైపొర మీద పెట్టి చూపిస్తే, ఆ ముక్కను గుర్తుపడుతుంది. గుర్తుపట్టాక ఏ రకం స్పందన కావాలన్నది తేలాలి. సహాయక టి కణాలు ఒక్క తీరువి కావని 1986లో మోస్‌మన్, కాఫ్‌మన్ ఎలుక కణాల్లో చూపించారు. మొదటి రకం ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత పదార్థాన్ని వదిలి, కణాల లోపల దాక్కున్న క్రిములను చంపిస్తుంది. రెండో రకం ఇంటర్‌ల్యూకిన్ 4, 5, 13 అనే వేరే సంకేతాలు వదులుతుంది. పురుగులకు ఎదురయ్యేది ముఖ్యంగా ఈ రెండో రకమే.

రోగనిరోధకత అనగానే మన పుస్తకాలన్నీ సైన్యం, సరిహద్దు అంటాయి. నాకా పోలిక ఎప్పుడూ నచ్చదు. తనకన్నా వేల రెట్లు పొడవున్న జీవిని ఏ కణమూ మింగలేదు. రెండో రకం టి కణాలు చేసే పని వేరు. ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలను పెంచుతాయి, ఐజీఈ యాంటీబాడీలు పుట్టిస్తాయి. అవి పురుగు పిల్లలకు అంటుకుని దెబ్బతీస్తాయి. రక్తపరీక్ష కాగితంలో ఇసినోఫిల్స్ ఎక్కువ కనిపిస్తే డాక్టరు పురుగుల సంగతి అడిగేది అందుకే.

పురుగు పాతుకుపోయిన కొద్దీ కథ మారుతుంది. ఎరిక్ ఒటెసెన్ బృందం పసిఫిక్ దీవుల్లో చేసిన పని 1977లో అచ్చయింది. రక్తంలో పురుగు పిల్లలున్నవారి లింఫోసైట్లను, అంటే టి కణాలు కూడా ఉండే తెల్ల కణాలను, గాజు పళ్లెంలో పెట్టి ఫైలేరియా ప్రొటీన్ కలిపితే అవి విభజన చెందలేదు. వేరే ప్రొటీన్లు కలిపితే మామూలుగానే స్పందించాయి. అంటే కణాలు బలహీనపడలేదు, ఈ ఒక్క పురుగు విషయంలోనే మౌనం వహించాయి. తర్వాతి పరిశోధకులు స్పందనను అణిచే ఇంటర్‌ల్యూకిన్ 10 అనే సంకేతాన్ని అడ్డుకుని చూస్తే ఆ స్పందన కొంత తిరిగొచ్చింది. ఆ పదార్థాన్ని వదిలేవాటిలో నియంత్రక టి కణాలూ ఉన్నాయి. వీటిని 1995లో షిమోన్ సకగుచి గుర్తించారు. ఈ దారిలోనే మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతో కలిసి ఆయనకు 2025 నోబెల్ వచ్చింది. సాధారణంగా ఈ కణాల పని మన ఒంటి మీదికి మన టి కణాలే తిరగబడకుండా చూడటం. పురుగు ఆ ఏర్పాటునే తనకు అనువుగా వాడుకుంటుంది.

కొందరు దీన్ని శరీరం ఓటమి అంటారు. నేననను. చంపలేని పురుగుతో ఏళ్ల తరబడి పోరాడితే ముందు పాడయ్యేది సొంత నాళాలే. మొదటాయన కాలు చూడండి. వాపు వచ్చినవారి టి కణాలను చెన్నైలో పరీక్షించిన బృందం 2009లో ఫలితాలు ప్రచురించింది. వారిలో ఫైలేరియాకు స్పందించే మొదటి రకం, మంట రేపే పదిహేడో రకం సహాయక కణాలు ఎక్కువ, నియంత్రక కణాలు తక్కువ. వాపుకు టి కణాలొక్కటే కారణమని చెప్పను. పురుగే నాళాన్ని సాగదీస్తుంది, చచ్చినప్పుడు దాని ఒంట్లోని వోల్‌బాకియా బ్యాక్టీరియా బయటపడి మంట రేపుతుంది. కాలివేళ్ల సందుల్లో పగుళ్లలోంచి వేరే క్రిములూ దూరతాయి. అందుకే రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ల మధ్య తడి లేకుండా తుడవమని అంతగా చెప్పేది.

కొత్తగా పురుగు సోకినవారి అనుభవమూ ఇదే చెబుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికన్ సైనికులు వేలమందికి నెలల్లోనే నాళాలు వాచాయి, వృషణాలు వాచాయి. రక్తంలో పురుగు పిల్లలు మాత్రం దాదాపు దొరకలేదు. అక్కడే పుట్టి పెరిగినవారు అంత తొందరగా బాధపడలేదు. పురుగున్న తల్లి కడుపులో పెరిగిన బిడ్డ దాని ప్రొటీన్లకు పుట్టకముందే అలవాటు పడగలదని తర్వాత తేలింది.

మూడో రకం మనిషీ ఉన్నాడు. రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు, ఇసినోఫిల్స్ మైక్రోలీటరుకు మూడు వేలు దాటి ఉంటాయి. ఉబ్బసమనుకుని ఏళ్ల తరబడి మందులు వాడతాడు. ఇక్కడ రెండో రకం స్పందన హద్దు మీరి, పురుగు పిల్లలను ఊపిరితిత్తుల్లోనే చంపేస్తుంటుంది. రక్తంలో ఒక్కటీ దొరకదు. డీఈసీ అనే ఫైలేరియా మందు మాత్రలు సరిగ్గా వాడితే చాలామందికి త్వరగా తగ్గుతుంది.

ఆ డీఈసీ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు నడిపిన లెడర్లీ ప్రయోగశాలల్లోంచి 1947లో వచ్చింది. ఇందులో ఓ వింతుంది. గాజు పళ్లెంలో పురుగు పిల్లల మీద ఈ మందు పోస్తే వాటికి పెద్దగా ఏమీ కాదు. మనిషి మింగితే మాత్రం గంటల్లో రక్తంలోంచి మాయమవుతాయి. ఒంటి రక్షణ కణాల సాయం లేకుండా ఈ మందు పని సాగదన్నమాట.

ఇప్పుడు ఊరందరికీ ఫైలేరియా మాత్రలు పంచే రోజు సంగతి. "నాకేం లేదమ్మా, కాలు వాచినాయనకివ్వు" అని పక్కింటాయన మీతో అంటాడు కదా. మాత్ర తీసుకుని గూట్లో పెట్టేస్తాడు. దోమకు పురుగును అందిస్తున్నది ఆయనే, ఆయనకు ఏమీ అనిపించకుండా చేస్తున్నవి ఆయన టి కణాలే. అందుకే మీ ఎదుటే మింగించాలి. తల్లి పురుగు మందుకు సగం సగమే లొంగుతుంది, మళ్లీ పిల్లలు పెడుతుంది, కాబట్టి వచ్చే ఏడాదీ మింగించాలి. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడ్డవారికి ఇవ్వకూడదు. మింగాక కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు వస్తాయి. అది ఎక్కువగా రక్తంలో పురుగు పిల్లలున్నవారికే. గుంపుగా చచ్చిన పిల్లల ముక్కలు ఒక్కసారి బయటపడితే, అన్నాళ్లూ నిశ్శబ్దంగా ఉన్న ఒళ్లు స్పందిస్తుంది. పారాసిటమాల్‌తో ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. జ్వరం వచ్చినాయన పేరు మాత్రం మీ రిజిస్టరులో రాసిపెట్టుకోండి, వచ్చే ఏడాది ముందుగా ఆ ఇంటికే వెళ్లాలి.